విరిగిన లోహం, అతికే ఎముక
తుంటి కీలు మార్పిడి చరిత్రలో ఒక అధ్యాయం

విజయవాడ నుండి తిరువూరు మీదుగా జగదల్‌పూర్‌కు పోయే రహదారి ప్రక్కన, ఇరుసు విరిగి ఒక వైపునకు ఒరిగి నిలిచిన లారీని ఎప్పుడో ఒకప్పుడు చూడనివారు ఈ ప్రాంతంలో అరుదు. గోతిలో పడినందువల్ల విరిగిందని డ్రైవరు అంటాడు. అనుభవం గల మేస్త్రీ మాత్రం విరిగిన ముఖాన్ని తుడిచి చూచి, ఇది ఈనాడు విరిగినది కాదు, ఎన్నడో బీటవేసినది అంటాడు. ఆ ముఖంలో కొంత భాగం నల్లగా మాసి, నునుపుగా అరిగి ఉంటుంది. మిగిలిన భాగం అప్పుడే తెగిన చెరకు గడవలె గరుకుగా, తళతళలాడుతూ ఉంటుంది. మాసిన భాగం పాత బీట. మెరిసే భాగం నేటి విరుగు. గోతికి తగిలిన దెబ్బ చివరి నిమిత్తం మాత్రమే.

ఇట్టిదే మరొక ఇరుసు మనుష్యుని తొడ ఎముకలో కూడ ఉండవచ్చు. తుంటి కీలు చెడినవారికి దానిని తొలగించి, లోహంతో చేసిన కృత్రిమ కీలును అమర్చడం నేడు మన జిల్లా పట్టణాలలో కూడ జరుగుతున్నది. నడవలేనివారు నడుస్తున్నారు. కాని కొద్దిమందిలో, పది పదిహేనేండ్లు చక్కగా పనిచేసిన తరువాత, ఆ లోహపు కాడ ఎముక లోపలనే విరిగిపోవడం జరుగుతుంది. అది ఎందుకు విరుగుతుంది? విరిగితే వైద్యులు ఏమి చేస్తారు? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకిన వారి చరిత్ర భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు మూడింటికీ సంబంధించినది. విద్యార్థులు తెలిసికొనదగినది.

ఇరుసు నేర్పిన పాఠం

1842వ సంవత్సరం మే 8వ తేదీన ఫ్రాన్సు దేశంలో వెర్సాయి నుండి పారిస్‌కు వస్తున్న రైలు ఇంజను ఇరుసు విరిగి, పెట్టెలు ఒకదానిపై ఒకటి ఎక్కి మంటలు రేగినవి. యాభైమందికి పైగా మరణించినారు. మంచి ఇనుముతో చేసిన ఇరుసు, మోయగలిగినంత బరువే మోస్తూ, ఎందుకు విరిగినది? మరుసటి సంవత్సరమే స్కాట్లండు ఇంజనీరు రాంకిన్, విరిగిన ఇరుసులను పరిశీలించి, బీటలు అంచున చిన్నగా పుట్టి మెల్లమెల్లగా లోపలికి ప్రాకుతున్నవని వివరించినాడు. ఆ తరువాత జర్మనీలో రైల్వే ఇంజనీరుగా ఉన్న ఆగస్టు వోలర్ ఇరుసులను యంత్రంపై లక్షలసార్లు త్రిప్పి పరీక్షించి, 1870 నాటికి తన ఫలితాలను పూర్తిగా ప్రకటించినాడు.

వోలర్ కనుగొన్న సంగతి ఇది. ఒక్కసారి మోపితే లోహాన్ని ఏమీ చేయలేని బరువు, లక్షలసార్లు మోపి తీసినపుడు దానిని విరువగలదు. బరువు ఎంత తగ్గితే విరగడానికి అన్ని ఎక్కువ సార్లు పడుతుంది. ఉక్కు విషయంలో ఒక హద్దుకు దిగువన బరువు ఉంటే ఎన్నిసార్లు మోపినా విరగదు. ఈ గుణానికి లోహపు అలసట అని పేరు. విద్యార్థులు దీనిని ఇంటివద్దనే చూడవచ్చు. గట్టి ఇనుప తీగె ముక్కను బాగా వంచి, తిరిగి సరిచేస్తూ ఎన్నిసార్లకు విరుగుతుందో లెక్కించండి. మరొక ముక్కను కొద్దికొద్దిగా మాత్రమే వంచుతూ లెక్కించండి. రెండవ అంకె మొదటి దానికంటె చాల పెద్దదిగా వస్తుంది.

తుంటిపై పడే బరువెంత?

అరవై కిలోల మనిషి ఒంటి కాలిపై నిలిచినపుడు అతని తుంటి కీలుపై ఎంత బరువు పడుతుంది? అరవై కిలోలే అని తోస్తుంది. అది సరికాదు. కీలునకు పైన ఉండే శరీర భాగం, ఎత్తిన కాలితో కలిపి, సుమారు యాభై కిలోలు. ఈ బరువు కీలుకు లోపలి ప్రక్కన, అనగా శరీర మధ్యరేఖ వైపున పనిచేస్తూ, కటిని క్రిందికి వాల్చుతుంది. అది వాలిపోకుండ కీలుకు వెలుపలి ప్రక్కన ఉన్న పిరుదు కండరాలు లాగిపెట్టి ఉంచవలెను. ఇది త్రాసు వంటిదే; కాని త్రాసు కాడలు రెండూ సమానం కావు. బరువు కీలుకు సుమారు పది సెంటీమీటర్ల దూరంలో ఉంటే, కండరం ఐదు సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నదనుకొనండి. అప్పుడు కండరం నూరు కిలోల బలంతో లాగవలెను. కీలుపై పడేది రెండింటి మొత్తం, అనగా నూటయాభై కిలోలు. శరీరపు బరువునకు రెండున్నర రెట్లు!

ఇది ఊహ మాత్రమే కాదు. 1966లో స్వీడన్‌కు చెందిన రిడెల్ అను వైద్యుడు, బలాన్ని కొలిచే సాధనాలు అమర్చిన కృత్రిమ కీళ్ళను ఇద్దరు రోగులలో పెట్టి ప్రత్యక్షంగా కొలిచిన ఫలితాలు ప్రచురించినాడు. తరువాత బెర్లిన్‌లో బెర్గ్‌మన్ బృందం, తీగెలు లేకుండనే లోపలి నుండి కొలతలు పంపగల కీళ్ళతో ఈ పని కొనసాగించినది. మామూలు నడకలో బలం శరీరపు బరువుకు రెండున్నర రెట్ల ప్రాంతంలో ఉన్నది. కాలు తట్టుకొని తూలినపుడు అది ఎనిమిది రెట్లకు కూడ చేరినది.

ఇక ఎన్నిసార్లు? సామాన్యంగా నడిచే మనిషి ఒక్కొక్క కాలిని ఏడాదికి సుమారు పది లక్షలసార్లు నేలపై మోపుతాడు. పదేండ్లకు కోటిసార్లు. వోలర్ యంత్రం చేసిన పనినే మనిషి తెలియకుండ తన తొడలో చేస్తున్నాడన్నమాట.

ఎముకకు ఈ కష్టం లేదా అంటే, ఉన్నది. కాని ఎముక ప్రాణమున్న పదార్థం. దానిలో సన్నని బీటలు పుట్టినపుడు, ఒక జాతి కణాలు ఆ భాగాన్ని తొలిచివేస్తే, మరొక జాతి కణాలు క్రొత్త ఎముకను నింపుతవి. ఎముక విరిగినా అతుకుతుంది. సుశ్రుతుడు ఆరు విధాలైన కీలు తొలగుటలను, పన్నెండు విధాలైన ఎముక విరుగుటలను వర్ణించి, తొడ విరిగినవానిని మేకులు దిగగొట్టిన బల్లపై కదలకుండ బంధించి ఉంచవలెనని చెప్పినది ఈ గుణాన్ని నమ్మియే. చిత్తూరు ప్రాంతంలో ప్రసిద్ధమైన పుత్తూరు కట్టు ఆధారపడినది కూడ ఈ గుణం మీదనే. లోహానికి ఈ గుణం లేదు. దానిలో పుట్టిన బీట పెరగడమే గాని పూడడం ఉండదు. ఈ ఒక్క భేదం గుర్తుంచుకుంటే తరువాతి చరిత్ర అంతా సులభంగా బోధపడుతుంది.

దంతము, గాజు, ఉక్కు

కీలు మార్పిడికి మొదటి ప్రయత్నాలు పందొమ్మిదవ శతాబ్ది చివరలో జరిగినవి. 1890 ప్రాంతంలో బెర్లిన్‌లో గ్లుక్ అను శస్త్రవైద్యుడు క్షయవ్యాధి వలన చెడిన కీళ్ళ స్థానంలో ఏనుగు దంతంతో చెక్కిన కీళ్ళను అమర్చినాడు. లోపల వ్యాధి క్రిములు మిగిలి ఉన్నందున అవి నిలువలేదు.

అదే కాలంలో లండనులో లేన్ అను వైద్యుడు విరిగిన ఎముకలను ఉక్కు పలకలతో, మరలతో బిగించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినాడు. ఆ ఉక్కు శరీరంలో తుప్పు పట్టి విరిగేది. మన రక్తంలో, కండలలో ఉప్పునీరు ఉన్నదిగదా! రెండు వేర్వేరు లోహాలను ఉప్పునీటిలో ఉంచితే విద్యుత్ ఘటం ఏర్పడి, ఒక లోహం కరగిపోతుందని పాఠశాలలో చదువుకొనినదే. అమెరికాలో వెనబుల్, స్టక్ అనువారు 1937లో జంతువులపై ప్రయోగాలు చేసి, శరీరంలో కూడ ఇదే జరుగుతున్నదని నిరూపించినారు. కోబాల్టు, క్రోమియం, మాలిబ్డినం కలిసిన వైటాలియం అను మిశ్రలోహం మాత్రం చెక్కు చెదరలేదు.

ఇంతలో బోస్టన్ నగరంలో స్మిత్-పీటర్సన్ అను వైద్యుడు మరొక త్రోవ త్రొక్కినాడు. ఒక రోగి వీపులో సుమారు ఏడాదిగా ఉండిపోయిన గాజు ముక్కను తీసినపుడు, దాని చుట్టూ నునుపైన పొర ఏర్పడి ఉండుట అతడు గమనించినాడు. అరిగిన తుంటి బంతిపై గాజు గిన్నెను బోర్లించితే అక్కడ కూడ అట్టి నునుపైన పొర ఏర్పడదా అని ఆలోచించి, 1923లో ఆ పని చేసినాడు. ఆలోచన మంచిదే, కాని గాజు శరీరపు బరువునకు పగిలిపోయినది. తుంటి కీలులో పగిలిన సాధనాలను ఏరి తీయవలసిన అవసరం అక్కడి నుండియే మొదలైనదని చెప్పవచ్చును. అతడు సెల్యులాయిడును, వేడికి ఓర్చే పైరెక్స్ గాజును, బేకలైటును వరుసగా పరీక్షించినాడు. ఏదియు నిలువలేదు. చివరకు 1938లో, తన దంతవైద్యుడు సూచించగా, పండ్ల అమరికలో వాడుతున్న వైటాలియంను వాడినాడు. అది నిలిచినది.

ఆ సంవత్సరమే లండనులో ఫిలిప్ వైల్స్ బంతిని, గిన్నెను రెండింటినీ తుప్పు పట్టని ఉక్కుతో చేసి అమర్చినాడు. 1940లో అమెరికాలో మూర్, బోల్మన్ అనువారు గడ్డతో చెడిన తొడ ఎముక పైభాగాన్ని తీసివేసి వైటాలియంతో చేసిన భాగాన్ని పెట్టినారు. 1946లో పారిస్‌లో జూడె సోదరులు ఆక్రిలిక్ అను ప్లాస్టిక్ బంతిని చిన్న కాడతో ఎముక మెడలో గ్రుచ్చినారు. ఆ బంతులు అరిగినవి, కాడలు విరిగినవి. కొందరు రోగులు నడుస్తుంటే కిర్రుమని చప్పుడు వచ్చేది. 1950 ప్రాంతంలో మూర్, థాంప్సన్ అనువారు వేర్వేరుగా, కాడను పొడుగుచేసి తొడ ఎముక మూలుగ గొట్టంలోనికి దింపే కీళ్ళను తయారుచేసినారు. మూర్ పేరుగల ఆ కీలు తుంటి మెడ విరిగిన వృద్ధులకు మన దేశంలో కూడ విరివిగా వాడబడినది.

చార్న్లీ చేసిన పని

కిర్రుమనే ఆ చప్పుడే ఇంగ్లండులో జాన్ చార్న్లీ దృష్టిని ఆకర్షించినది. చప్పుడు రావడమంటే రాపిడి ఎక్కువగా ఉన్నదన్నమాట. లాంకషైర్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రిలో అతడు చిన్న కర్మాగారమే నెలకొల్పినాడు. రాపిడి తగ్గవలెనంటే ఉక్కు బంతి చిన్నదిగా ఉండవలెనని నిశ్చయించి, చివరకు దాని వ్యాసాన్ని 22.225 మిల్లీమీటర్లుగా, అనగా అంగుళంలో ఎనిమిదింట ఏడవ వంతుగా, స్థిరపరచినాడు. కాడను ఎముకలో బిగించుటకు దంతవైద్యులు వాడే ఆక్రిలిక్ సిమెంటును తీసికొన్నాడు. గిన్నెకు మాత్రం టెఫ్లాన్ అను జారుడు ప్లాస్టిక్‌ను ఎన్నుకొన్నాడు.

1958 నుండి సుమారు మూడు వందలమందికి ఈ టెఫ్లాన్ కీళ్ళు అమర్చబడినవి. మొదట ఫలితాలు అద్భుతంగా ఉన్నవి. కాని మూడు నాలుగేండ్లలో గిన్నెలు అరిగి, ఆ పొడి చుట్టూ ఉన్న కండను, ఎముకను చెడగొట్టినది. చార్న్లీ తప్పును దాచలేదు. ఆ కీళ్ళను తన చేతులతోనే తిరిగి తీసినాడు. టెఫ్లాన్ పొడి ఎంత హానికరమో తెలిసికొనుటకు దానిని తన తొడలోనే సూదితో ఎక్కించుకొని, పైకి లేచిన గడ్డను గమనించినాడు.

ఆ సమయంలో మరమగ్గాల పళ్ళచక్రాలకు వాడే గట్టి పాలిథిలీన్‌ను అమ్మజూపుతూ ఒక వర్తకుడు ఆసుపత్రికి వచ్చినాడు. చార్న్లీ దానిని గోటితో గీచి చూచి, పనికిరాదని త్రోసివేసినాడు. అతని సహాయకుడు హారీ క్రేవెన్ మాత్రం ఆ ముక్కను పారవేయక అరుగుదల యంత్రంపై ఎక్కించినాడు. మూడు వారాలు రాపాడించినను, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడ అది అరగలేదు. 1962 నవంబరులో చార్న్లీ దానిని రోగులకు అమర్చడం మొదలుపెట్టినాడు. నేటి తుంటి కీళ్ళన్నిటిలో ఎక్కువ వాటికి మాతృక ఇదే. పెద్దవాని అభిప్రాయం కంటె చిన్నవాని ప్రయోగం బలమైనదని చెప్పుటకు శాస్త్ర చరిత్రలో ఇంతకంటె మంచి ఉదాహరణ అరుదు.

కాడ ఎందుకు విరిగినది?

గిన్నె సమస్య తీరిన తరువాత కాడ సమస్య తలయెత్తినది. నడక బాగుపడినవారు ఇంటిలో కూర్చుండరుగదా! పనులకు పోయినారు, బరువులు ఎత్తినారు. ఏండ్లు గడచిన కొలది కొందరిలో ఉక్కు కాడలు విరుగసాగినవి. చార్న్లీ వాటినన్నిటినీ సేకరించి, 1975లో ఒక వ్యాసం ప్రకటించినాడు. అతని లెక్కలో విరిగినవి నూటికి 0.23, అనగా వేయింటికి రెండు మూడు. సంఖ్య చిన్నదే. కాని ఆ వ్యాసం విలువ సంఖ్యలో లేదు, కారణం చెప్పడంలో ఉన్నది.

గడ్డపారను నేలలో సగం వరకు దించి, పైకొనను పట్టి ఊపండి. నేల గట్టిగా పట్టుకొన్న చోటనే అది వంగుతుంది. కాడ విషయంలో కూడ అంతే. పైభాగాన సిమెంటు పగిలి, లేక ఎముక కరగి, పట్టు వదలినది. క్రింది భాగాన మాత్రం సిమెంటు గట్టిగా పట్టుకొని ఉన్నది. ప్రతి అడుగునకు కాడ పైభాగం లోపలి వైపునకు వంగుతుంది. వంగినపుడు వెలుపలి అంచు సాగుతుంది. బీట పుట్టేది ఆ సాగే అంచుననే. విరిగిన ముఖాన్ని సూక్ష్మదర్శినితో చూస్తే, ఏటి ఇసుకపై అలలు వదలిన చారల వంటి గీతలు కనిపిస్తవి. బీట ఎక్కడ పుట్టినదో, ఎటు ప్రాకినదో ఆ చారలు చెబుతవి. బరువైన శరీరం గలవారిలో, ముఖ్యంగా చురుకుగా తిరిగే పురుషులలో, ఈ విరుగుట ఎక్కువగా కనిపించినది.

దీనికి విరుగుడు రెండు విధాలు. మొదటిది ఆకారం. గుండ్రని కడ్డీ వంగినపుడు దాని అంచున కలిగే ఒత్తిడి, వ్యాసం ఘనానికి విలోమంగా ఉంటుంది. వ్యాసం 8 మిల్లీమీటర్లున్న కడ్డీకి బదులు 10 మిల్లీమీటర్ల కడ్డీ వాడితే, ఒత్తిడి దాదాపు సగానికి పడిపోతుంది. విద్యార్థులు గుణించి చూచుకొనవచ్చును. చార్న్లీ కాడ వెనుక భాగం మొదట చదునుగా ఉండేది. 1970వ దశకంలో దానిని గుండ్రంగా, దళసరిగా మార్చినారు. రెండవది పదార్థం. నత్రజని ఎక్కువగా చేర్చిన గట్టి ఉక్కు, సమ్మెటపోటుతో రూపుదిద్దిన కోబాల్టు మిశ్రలోహం, టైటానియం మిశ్రలోహం వాడుకలోకి వచ్చినవి. దానితో కాడలు విరగడం బహు అరుదైనది. అయినను పూర్తిగా పోలేదు. బంతి, మెడ, కాడ వేర్వేరు ముక్కలుగా చేసి కూర్చే కీళ్ళు వచ్చిన తరువాత, ముక్కలు కలిసే చోట సన్నని కదలికకు తుప్పు తోడై, కొన్ని మెడలు విరిగినవి. సౌకర్యం కొరకు ఒక అతుకు పెంచితే, విరగడానికి ఒక చోటు పెంచినట్లే.

విరిగిన ముక్కను తీయు విధం

కాడ విరగడానికి ముందు తరచుగా ఒక హెచ్చరిక ఉంటుంది. చాల ఏండ్లు నొప్పి లేకుండ నడిచినవానికి తొడ మధ్యలో క్రొత్తగా నొప్పి మొదలవుతుంది. అడుగు మోపినపుడు ఎక్కువై, విశ్రాంతితో తగ్గుతుంది. ఎక్స్‌రేలో కాడ పైభాగాన, వెలుపలి వైపున, సిమెంటుకును లోహానికిని మధ్య నల్లని గీత కనిపించవచ్చు. ఈ దశలో వైద్యుని చూస్తే, విరగక ముందే కాడను మార్చవచ్చు. నొప్పిని వాతమనుకొని తైలాలు మర్దించుతూ కాలం గడిపితే, ఒకనాడు కుర్చీలో నుండి లేచేటప్పుడో మెట్టు ఎక్కేటప్పుడో కాడ రెండు ముక్కలవుతుంది.

విరిగిన తరువాత కట్టు కట్టినా, మంచంపై పడుకోబెట్టినా లాభం లేదు. ఎముక అతుకుతుంది గాని లోహం అతకదని ముందే చెప్పుకొన్నాం. శస్త్రచికిత్స ఒక్కటే మార్గం. కాని తొందరపడరు. మొదట రక్త పరీక్షలు చేసి, అవసరమైతే కీలులోని ద్రవాన్ని సూదితో తీసి, చీము పట్టినదేమో చూస్తారు. చీము ఉంటే క్రొత్త కీలు కూడ నిలువదు. ముందు దాని సంగతి చూడవలెను. లోపల ఉన్నది ఏ రకం కీలు, ఏ కొలత, ఎప్పుడు అమర్చినది అని పాత కాగితాలలో వెదకుతారు.

పైముక్కను తీయడం సులభం. అది ముందే వదులైనది. చిక్కంతా క్రిందిముక్కతోనే. అది ఇరుకైన ఎముక గొట్టం అడుగున, గట్టి సిమెంటులో పాతుకొని ఉంటుంది. పట్టుకొనుటకు కొన లేదు. బావిలో పడిన చేదను పాతాళగరిగెతో తీయడం చూచినవారికి ఈ చిక్కు అర్థమవుతుంది. ఇక్కడ బావి వెడల్పు రెండు వ్రేళ్ళకు మించదు. చేద రాతిలో కూరుకుపోయి ఉన్నది!

వైద్యులు దీనికి కొన్ని ఉపాయాలు కల్పించినారు. మొదటిది, ముక్క పై ముఖంలో చాల గట్టి బరమాతో రంధ్రం చేసి, మరలు గల కడ్డీని దానిలో బిగించి పైకి లాగుట. లోహాన్ని తొలిచేటప్పుడు పుట్టే వేడి ఎముకను కాల్చకుండ నీరు పోస్తూ ఉండవలెను. రాలిన పొడిని మిగల్చకుండ కడగవలెను. రెండవది, బోలు గొట్టం వంటి రంపంతో ముక్క చుట్టూ తొలిచి, పట్టు వదలించుట. మూడవది, ముక్క ఉన్నచోట ఎముకకు చిన్న కిటికీ కోసి, అందులో నుండి ఉలి వంటి పనిముట్టుతో ముక్కను పైకి తట్టుట. ఇవి చాలనపుడు నాల్గవ ఉపాయం. తొడ ఎముక పైభాగంలో వెలుపలి మూడవ వంతును, కండరాలు అంటియుండగనే, తలుపు తెరచినట్లు తెరుస్తారు. ముక్కను, సిమెంటును కంటితో చూస్తూ తీసి, తలుపు మూసి, లోహపు తీగెలతో చుట్టి బిగిస్తారు. ఈ పద్ధతి 1990వ దశకంలో బాగా వ్యాప్తిలోకి వచ్చినది. చీల్చిన ఎముకకు నెత్తురు అందుతూ ఉండుటచే అది తిరిగి అతుకుతుంది. లోహం చేసిన తప్పును ఎముక తన గుణంతో సరిదిద్దుతున్నదన్నమాట.

తరువాత మొదటి దానికంటె పొడుగైన కాడను అమరుస్తారు. ఎముకకు కిటికీ కోసిన చోటు బలహీనంగా ఉంటుంది కాబట్టి, క్రొత్త కాడ ఆ చోటును దాటి, ఎముక వ్యాసానికి కనీసం రెండు రెట్ల దూరం క్రిందికి పోవలెనని నియమం. పగిలిన దూలానికి ప్రక్కబద్ద వేసే వడ్రంగి కూడ ఇదే లెక్క పాటిస్తాడు. రోగి కొన్ని వారాలు చేతికర్రల ఆధారంతో, కొద్దిబరువు మోపుతూ నడవవలెను.

పింగాణీ పగిలినపుడు

లోహపు పొడి, ప్లాస్టిక్ పొడి సమస్యలను తప్పించుటకు 1970లో ఫ్రాన్సులో బూటిన్ అను వైద్యుడు అల్యూమినా పింగాణీతో బంతిని, గిన్నెను చేసినాడు. పింగాణీ గట్టిది, నునుపైనది, అరగదు. కాని గాజువలె అది వంగకుండ ఒక్కసారిగా పగులుతుంది. పదార్థం నాణ్యత పెరిగిన కొలది పగలడం తగ్గినది. అయినను తయారీలో చిన్న మార్పు ఎంత పని చేయగలదో 2001లో లోకానికి తెలిసినది. జిర్కోనియా బంతులను కాల్చే కొలిమి పద్ధతిని 1998లో మార్చిన తరువాత తయారైనవాటిలో కొన్ని త్వరగా పగులుట కనిపించి, వాటిని ప్రపంచమంతటా ఉపసంహరించవలసి వచ్చినది.

పింగాణీ పగిలినపుడు పాటించవలసిన నియమం ఒకటి ఉన్నది. దాని స్థానంలో మెత్తని లోహపు బంతిని పెట్టరాదు. ఎంత కడిగినా కంటికి కనిపించని పింగాణీ రవ్వలు మిగులుతవి. అవి సానరాయివలె లోహాన్ని అరగదీస్తవి. జర్మనీలోని మార్బుర్గ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రికి 2012లో ఒక రోగి వచ్చినాడు. గుండె బలహీనమైనది, చెవుడు వచ్చినది, చూపు మందగించినది, కారణం తెలియని జ్వరం. అతని పగిలిన పింగాణీ కీలు స్థానంలో 2010లో లోహపు బంతి పెట్టబడినది. రక్తం పరీక్షించగా కోబాల్టు విపరీతంగా ఉన్నది. తిరిగి పింగాణీ కీలు అమర్చిన పిదప గుండె కొంతవరకు కోలుకొన్నది. చూపు, వినికిడి మాత్రం పూర్తిగా రాలేదు. తుంటిలో పగిలినదానికి గుండెలో వ్యాధి! శరీరం ఒకటేనని ఇంతకంటె స్పష్టంగా చెప్పే ఉదాహరణ ఏమున్నది?

మన దేశం, మన కర్తవ్యం

లోహాన్ని శరీరంలో వాడదగినంత శుద్ధంగా తయారుచేయుట పెద్ద విద్య. 1973లో హైదరాబాదులో స్థాపించబడిన మిశ్ర ధాతు నిగమ్, విమానాలకు, రాకెట్లకు కావలసిన ప్రత్యేక లోహాలతోపాటు, శరీరంలో అమర్చే టైటానియం సాధనాలను కూడ తయారుచేసినది. ఆ నగరంలోనే రక్షణ పరిశోధనలో ఉన్న అబ్దుల్ కలాం గారు, నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ ఎముకల వైద్యుల కోరికపై, క్షిపణులకు వాడే తేలికైన పదార్థంతో పోలియో పిల్లలకు కాలి ఆధారాలు చేయించినారు. మూడు కిలోలకు పైగా ఉన్న బరువు మూడు వందల గ్రాములకు దిగినది.

సాధనం చేయడంతో పని తీరదు. అది చెడినపుడు లెక్క వ్రాయవలెను. ఏ.ఎస్.ఆర్. అను లోహపు కీళ్ళు 2010లో ప్రపంచమంతటా ఉపసంహరించబడినవి. వాటిని అమర్చుకొన్న మన దేశీయులకు ముప్పై లక్షల నుండి 1 కోటి 23 లక్షల రూపాయల వరకు పరిహారం నిర్ణయించే సూత్రం 2018లో గాని రాలేదు. ఆలస్యానికి ఒక కారణం, ఎవరికి ఏ కీలు పెట్టినారో తెలిపే వివరాలు చక్కగా లేకపోవడమే. వైద్య సాధనాల వైఫల్యాలను నమోదుచేయుటకు భారత ప్రభుత్వం 2015లో ఒక కార్యక్రమం ప్రారంభించినది. చార్న్లీ తన వద్ద విరిగినవాటిని లెక్కవేసి బయటపెట్టకపోతే, కాడను దళసరి చేయవలెనని ఎవరికీ తోచేది కాదు. తాము మరణించిన తరువాత తమ కీళ్ళను పరీక్షకు తిరిగి ఇవ్వవలెనని అతడు రోగులను కోరగా, చాలమంది అంగీకరించినారు. నేడు నడుస్తున్నవారు వారికి కొంత ఋణపడి ఉన్నారు.

మన వంటి ఊళ్ళలో ఒక చిన్న పని ఎవరైనా చేయవచ్చు. తాతకో అమ్మమ్మకో తుంటి మార్పిడి జరిగితే, కీలు పేరు, కొలత, సంఖ్య గల చీటీని ఆసుపత్రి వారిని అడిగి తీసికొనవలెను. దానిని మందుల చీటీలతో పారవేయక, పొలం దస్తావేజుల ప్రక్కన భద్రపరచవలెను. ఇరవై ఏండ్ల తరువాత, విజయవాడలోనో ఖమ్మంలోనో, ఆమె తొడలో విరిగిన ముక్కను తీయవలసిన వైద్యునికి ఆ చిన్న చీటీ పాతాళగరిగె వలె ఉపయోగపడుతుంది. సంవత్సరానికో రెండు సంవత్సరాలకో ఒకసారి, నొప్పి లేకపోయినను, ఎక్స్‌రే తీయించవలెను. తొడలో క్రొత్త నొప్పి వస్తే తైలం సీసా వెదకక వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను.

రోడ్డు ప్రక్కన నిలిచిన లారీ మేస్త్రీ విరిగిన ఇరుసును పారవేయడు. చేత పట్టుకొని, త్రిప్పి చూచి, ఎక్కడ బీట పుట్టినదో వెదకుతాడు. వోలర్ చేసినది, చార్న్లీ చేసినది కూడ అదే.